సుత్తి దెబ్బ, మర తిప్పు

పిల్లలూ,

ఈ నెల మీరు రాసిన ఉత్తరాలలో ఒకటి దివిసీమ నుంచి వచ్చింది. కోడూరు దగ్గర ఒక పల్లెలో ఏడో తరగతి చదువుతున్న బాలిక రాసింది. ఆమె ప్రశ్న ఇది:

"మాస్టారూ, మా ఇంటికి కొత్తగా రేకుల కప్పు వేయించారు. పనివారు చిన్న తుపాకిలాంటి మిషను తెచ్చి స్క్రూలు బిగించారు. అది మొదట జుయ్‌మని తిరుగుతుంది. స్క్రూ బిగిసే వేళకు టకటకమని చప్పుడు చేస్తుంది. దానికి కరెంటు తీగ లేదు. లోపల బ్రష్షులు కూడా లేవట! మా తాతయ్య మాత్రం, సుత్తితో కొట్టిన మేకుకు సాటి లేదు, ఈ బొమ్మ మిషను బిగింపు గాలివానకు ఆగుతుందా అంటున్నారు. ఎవరి మాట నిజం?"

దివిసీమలో ఇంటి కప్పు గురించి అడిగిన ప్రశ్నను తేలికగా తీసుకోరాదు. 1977 నవంబరు 19న వచ్చిన తుపానులో, ఉప్పెనలో అక్కడ వేలాదిమంది ప్రాణాలు పోయాయి. ఆ రాత్రిని చూసిన పెద్దలు ఇంటి బిగింపుల గురించి ఇలా అడుగుతున్నారంటే, అది ఛాదస్తం కాదు, అనుభవం. కనుక మనం తాతయ్యగారి సుత్తి దగ్గరే మొదలుపెడదాం.

సుత్తిలో ఉన్న బలం ఎక్కడిది?

అరకిలో బరువున్న సుత్తిని మేకు తల మీద ఊరికే పెట్టండి. మేకు కదలదు. అదే సుత్తితో కొట్టండి. మేకు దిగుతుంది. సుత్తి బరువు పెరగలేదు గదా, మరి ఈ బలం ఎక్కడిది?

లెక్క చూడండి. సుత్తి 80 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిందనుకుందాం. దెబ్బకు మేకు 2 మిల్లీమీటర్లు దిగింది. అంటే 800 మిల్లీమీటర్ల పొడుగునా సుత్తి పోగుచేసుకున్న శక్తి అంతా 2 మిల్లీమీటర్లలో ఖర్చయింది. 800ని 2తో భాగిస్తే 400. కనుక ఆ క్షణంలో మేకు మీద పడిన బలం సుత్తి బరువుకు సుమారు 400 రెట్లు, అనగా 200 కిలోల బరువుతో సమానం! మెల్లగా కూడబెట్టి ఒక్కసారిగా ఖర్చుపెట్టడమే దెబ్బలోని రహస్యం. రోకటి పోటులో ఉన్నదీ ఇదే, కమ్మరి సమ్మెటలో ఉన్నదీ ఇదే.

అయితే మేకును కొట్టాలి, స్క్రూను తిప్పాలి. తిప్పేదానికి దెబ్బ ఎలా తగిలించడం? ఆ టకటక మిషను చేసే పని సరిగ్గా అదే. దానిని ఇంపాక్ట్ డ్రైవరు అంటారు. ఇంపాక్ట్ అంటే దెబ్బ అని అర్థం.

మిషను కడుపులో ఏమున్నది?

దాని లోపల చిన్న కమ్మరి కొలిమి ఉన్నదనుకోండి. నిప్పు మాత్రం లేదు. ముందువైపు చిన్న ఇనుప దాగలి, దానికి రెండు చెవులు. వెనుక బరువైన ఉక్కు ముక్క, అదే సుత్తి. దానికీ రెండు పళ్ళున్నాయి. సుత్తి వెనుక గట్టి స్ప్రింగు. స్ప్రింగు వెనుక మోటారు. స్క్రూను తిప్పే ముక్కు దాగలికి తగిలించి ఉంటుంది.

స్క్రూ తేలికగా దిగుతున్నంతసేపు సుత్తి పళ్ళు దాగలి చెవులను పట్టుకుని నెడుతూ ఉంటాయి. రెండూ కలిసి తిరుగుతాయి. అప్పుడు వినిపించేదే జుయ్‌మనే శబ్దం. స్క్రూ బిగుసుకుని ఇక తిరగనని మొరాయించిందనుకోండి. దాగలి ఆగిపోతుంది. మోటారు ఆగదు. సుత్తి ఏటవాలు గాడి వెంట వెనక్కు జరిగి స్ప్రింగును నొక్కుతుంది. దాని పళ్ళు చెవులను దాటిపోతాయి. దాటగానే అడ్డు లేదు కనుక స్ప్రింగు సుత్తిని ముందుకు విసురుతుంది. సుత్తి వేగంగా తిరిగి వచ్చి తరువాతి చెవిని ఠక్కున కొడుతుంది. ఆ దెబ్బకు దాగలి కొంచెం తిరుగుతుంది, దానితోపాటు స్క్రూ తిరుగుతుంది. మళ్ళీ సుత్తి వెనక్కు, మళ్ళీ దెబ్బ. ఇలా నిమిషానికి మూడువేలకు పైగా దెబ్బలు. సెకనుకు యాభై! అందుకే వాటిని మన చెవి విడివిడిగా లెక్కపెట్టలేదు.

ఇక్కడ ఒక తమాషా ఉన్నది. మామూలు డ్రిల్లింగు మిషనుతో పెద్ద స్క్రూ బిగిస్తుంటే, స్క్రూ ఆగిపోగానే మిషనే ఎదురు తిరిగి మణికట్టును మెలిపెడుతుంది. మనం దేనిని తిప్పితే అది మనను వెనక్కు తిప్పబోతుంది. ఇది న్యూటను చెప్పిన మూడో సూత్రం. ఇంపాక్ట్ డ్రైవరులో దెబ్బ కొట్టేది చేయి కాదు, లోపల గిర్రున తిరుగుతున్న సుత్తి. మోటారు దానిని తిప్పి వేగం ఇస్తుందంతే. ఆ కాస్త తిప్పుడు బలమే మన చేతికి ఎదురు వస్తుంది. దెబ్బ బలం సుత్తికీ దాగలికీ మధ్యనే తేలిపోతుంది. కనుక నిచ్చెన మీద నిలబడి ఒంటిచేత్తో బిగించే పనివానికి ఇది గొప్ప సదుపాయం.

నేల మీదనే ఇంత ఇబ్బంది అయితే, నిలదొక్కుకోవడానికి నేలే లేని అంతరిక్షంలో ఏం కావాలి? అక్కడ బోల్టు తిప్పబోతే మనిషే గిర్రున తిరుగుతాడు! 1960లలో అమెరికావారి జెమినీ యాత్రల కోసం, మనిషిని తిప్పకుండా బోల్టును మాత్రమే తిప్పే పనిముట్టును బ్లాక్ అండ్ డెకర్ కంపెనీ తయారుచేసింది. బ్యాటరీతో నడిచే డ్రిల్లును 1961లో లోకానికి మొదట చూపినది కూడా ఆ కంపెనీయే.

ఈ బ్రష్షులేమిటి?

బ్రష్షు అనగానే పళ్ళు తోముకునేది గుర్తుకు వచ్చిందా? మోటారు బ్రష్షు చిన్న బొగ్గు బిళ్ళ. పూర్వం రాగితీగల కుచ్చును వాడేవారు. అది అచ్చం కుంచెలా ఉండేది. కుచ్చు పోయి బొగ్గు వచ్చినా పేరు మాత్రం మిగిలింది.

దాని పని ఏమిటో చూద్దాం. తీగచుట్టలో కరెంటు పారితే అది అయస్కాంతమవుతుంది. పాత రకం మోటారులో అయస్కాంతాల మధ్య తీగచుట్ట తిరుగుతుంది. చుట్ట ఉత్తరధ్రువం ఎదుటి దక్షిణధ్రువం వైపు లాగబడి, దగ్గరకు చేరగానే ఆగిపోవాలి. ఆగకుండా తిరగాలంటే, సరిగ్గా చేరబోయే సమయానికి కరెంటును తారుమారు చేయాలి. ఎద్దు ముందు గడ్డి పరక పెట్టి, అది అందుకోబోతుంటే ముందుకు జరుపుతున్నట్టు! ఈ తారుమారు పని బొగ్గు బ్రష్షులు చేస్తాయి. తిరిగే రాగి పలకల మీద అవి రాసుకుంటూ, ఒక పలక తరువాత ఒక పలకకు కరెంటు అందిస్తాయి.

మీ వంటింట్లో మిక్సీ వెనుక సందులలోంచి చూస్తే, అది తిరుగుతున్నప్పుడు నీలపు మిణుగురులు కనిపించవచ్చు. (చూడడమే; వేలు పెట్టరాదు.) అవి బ్రష్షుల దగ్గర పుట్టే నిప్పురవ్వలు. రాపిడి ఉన్నచోట వేడి ఉంటుంది, అరుగుదల ఉంటుంది. కొంతకాలానికి బొగ్గు అరిగిపోతుంది, మిక్సీ ఆగిపోతుంది. అమ్మ దానిని బాగుచేసేవారి దగ్గరకు పంపితే వారు కొత్త బ్రష్షులు వేసి ఇస్తారు.

బ్రష్షులు లేని మోటారులో ఏర్పాటు తలకిందులు. తీగచుట్టలు కదలకుండా బయట ఉంటాయి. మధ్యలో అయస్కాంతం తిరుగుతుంది. కదలని చుట్టలకు కరెంటు ఇవ్వడానికి రాపిడి ఎందుకు? తీగ నేరుగా అతికిస్తే చాలు. మరి సమయానికి తారుమారు చేసేదెవరు? ట్రాన్సిస్టర్లు. అయస్కాంతం ఎక్కడున్నదో కనిపెట్టి చెప్పే చిన్న కావలివాళ్ళు చాలా మోటార్లలో ఉంటాయి. 1879లో ఎడ్విన్ హాల్ అనే శాస్త్రజ్ఞుడు కనుగొన్న సూత్రం మీద అవి పనిచేస్తాయి. అవి చెప్పిన ప్రకారం ట్రాన్సిస్టర్లు ఒక చుట్టను ఆర్పి ఇంకొక చుట్టను వెలిగిస్తాయి. అయస్కాంతం ఆ వెలుగును వెంబడిస్తూ తిరుగుతూనే ఉంటుంది.

ఒక పనిముట్టు వెనుక ఎందరి కృషి ఉన్నదో గమనించండి. కరెంటుతో తీగను తిప్పి చూపినవాడు ఫారడే, 1821లో. ట్రాన్సిస్టరు పుట్టింది 1947లో. ఈ రెంటినీ కలిపి బ్రష్షులు లేని మోటారును విల్సన్, ట్రికీ అనే ఇద్దరు ఇంజనీర్లు 1962లో వివరించారు. చిన్నదైనా గట్టిగా లాగే నియోడిమియం అయస్కాంతాలు 1980లలో వచ్చాయి. తేలికైన లిథియం అయాన్ బ్యాటరీ 1991లో అంగడికి వచ్చింది. వీటన్నిటినీ ఒక పిడిలో ఇమిడ్చితే మన టకటక మిషను అయింది.

ఇటువంటి మార్పును మీరు గుడివాడ స్టేషనులో పెద్ద ఎత్తున చూడవచ్చు. బందరు, భీమవరం, విజయవాడ దారులు కలిసే ఆ జంక్షనులో ఇప్పుడు కరెంటు ఇంజన్లు నడుస్తున్నాయి. డబ్ల్యూ.ఏ.పి.4 అని రాసి ఉన్న పాత రకం ఇంజను మోటార్లకు బ్రష్షులున్నాయి. డబ్ల్యూ.ఏ.పి.7 అని రాసి ఉన్న కొత్త రకానికి లేవు. వాటి మోటారు మన మిషను మోటారు వంటిది కాదు, వేరొక జాతిది. కాని రాపిడిని తీసివేయాలన్న కోరిక రెండింటిలోనూ ఒకటే.

లాభమున్నచోట నష్టం కూడా చెప్పాలి గదా. బ్రష్షులు లేని మిషను ఒకసారి ఛార్జి చేస్తే ఎక్కువ పని చేస్తుంది, తక్కువ వేడెక్కుతుంది, బ్రష్షులు మార్చే పని లేదు. కాని ఖరీదెక్కువ. అరిగిన బొగ్గు బిళ్ళను కొద్ది డబ్బుతో మార్చవచ్చు. లోపలి ట్రాన్సిస్టర్ల పలక పాడైతే పల్లెలో బాగుచేసేవారు దొరకడం కష్టం. ఏడాదికి పది స్క్రూలు బిగించే ఇంటికి అది అక్కరలేదు. రోజుకు వందల స్క్రూలు బిగించే పనివానికి అది అన్నం పెట్టే చేయి.

ఏ పనికి ఏ పనిముట్టు?

తిప్పుడు బలాన్ని న్యూటను మీటర్లలో కొలుస్తారు. మీటరు పొడుగున్న పానా చివర పది కిలోల బరువు వేలాడదీస్తే సుమారు 100 న్యూటను మీటర్లు. ఇది గుర్తు పెట్టుకుని కింది వరస చూడండి.

చేతి స్క్రూడ్రైవరు: మన పిడికిలి బలం పది న్యూటను మీటర్లకు లోపే. అయినా దీనికి ఉన్న గుణం మరి దేనికీ లేదు. స్క్రూ ఎంత బిగిసిందో చేతికి తెలుస్తుంది. కళ్ళజోడుకు, స్విచ్చిబోర్డుకు, గడియారానికి ఇదే తగినది. బందరు రోల్డుగోల్డు నగల పనివారి చేతుల్లో ఉండే సన్నని పనిముట్లు చూడండి. అక్కడ కావలసింది బలం కాదు, నిదానం.

బ్యాటరీ డ్రిల్లు: తాతల నాటి వడ్రంగి బరమాకు ఇది మనుమరాలు. సుమారు 40 నుంచి 60 న్యూటను మీటర్ల బలం. దీని మెడ చుట్టూ అంకెలు వేసిన ఉంగరం ఉంటుంది. చిన్న అంకె మీద పెడితే కొద్దిగా బిగియగానే కటకటమని జారి, ఇక చాలునని చెబుతుంది. చెక్కకు బెజ్జాలు వేయడానికి, బీరువా తలుపుల చిన్న స్క్రూలకు ఇది మంచిది.

హామర్ డ్రిల్లు: ఇదీ దెబ్బ కొడుతుంది. కాని దీని దెబ్బ ముందుకు, ఉలి మీద సుత్తిలాగా. ఇటుక గోడలకు, కాంక్రీటుకు బెజ్జం వేయడానికి ఇది. ఇంపాక్ట్ డ్రైవరు దెబ్బ చుట్టూ తిరిగే దారిలో పడుతుంది. రెండింటికీ దెబ్బ ఉన్నా దారులు వేరు. చాలామంది పెద్దలు కూడా ఈ రెండింటినీ ఒకటిగా పొరబడతారు.

ఇంపాక్ట్ డ్రైవరు: చేతిలో ఇమిడేంత చిన్నది. బలం మాత్రం సామాన్యంగా 150 నుంచి 180 న్యూటను మీటర్లు, అంటే మీటరు పానా చివర పదిహేను, పద్ధెనిమిది కిలోలు వేలాడదీసినంత! పొడుగు స్క్రూలను గట్టి కర్రలోకి, రేకుల స్క్రూలను ఇనుప గొట్టంలోకి దించడానికి దీనికి దీటు లేదు. దీని ముక్కుకు పావు అంగుళం ఆరుపలకల బెజ్జం ఉంటుంది.

ఇంపాక్ట్ రెంచి: దానికి అన్న. దీని ముక్కు నాలుగు పలకలుగా ఉంటుంది. నట్లకు, బోల్టులకు ఇది. టైరు షాపులో లారీ చక్రాల నట్లు విప్పే గాలి గన్ను ఈ కుటుంబంలోదే. దానితో నట్లు బిగించినా, చివరి బిగింపును కొలిచే పానాతో సరిచూడడం మంచి పనివారి పద్ధతి.

ఇక తాతయ్యగారి ప్రశ్న

గాలి సెకనుకు 50 మీటర్ల వేగంతో, అనగా గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచిందనుకుందాం. గాలి వేగాన్ని మీటర్లలో తీసుకుని, దానిని దానితోనే గుణించి, 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద గాలి ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. 50 × 50 × 0.6 = 1500. అంటే చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువంత.

మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడుగు ఉన్న రేకును ఆ గాలి అంత బలంతో పైకి లాగితే మొత్తం 450 కిలోలు. 75 కిలోల ధాన్యం బస్తాలు ఆరు ఆ ఒక్క రేకును పైకి ఎత్తుతున్నట్టు! కప్పు అంచులలో, మూలలలో లాగుడు ఇంకా ఎక్కువ. ఆ రేకుకు 15 స్క్రూలుంటే ఒక్కొక్కటి 30 కిలోలు మోయాలి. ఒకటి వదులైతే దాని భారం పక్కవాటి మీద పడుతుంది. అది ఊడితే తరువాతిది. రేకులు ఎగిరిపోవడం ఒక్క స్క్రూతో మొదలవుతుంది.

మేకును కర్రలో పట్టి ఉంచేది రాపిడి మాత్రమే. గాలి ఒక్కసారి లాగి ఊరుకోదు. గంటల తరబడి ఊపుతుంది. ఊపిన కొద్దీ మేకు వెంట్రుకవాసి చొప్పున పైకి వస్తుంది. స్క్రూకు మర ఉన్నది. ఆ మర చుట్లు ఇనుములోనో కర్రలోనో కొరికి పట్టుకుంటాయి. కనుక కప్పు రేకులకు మేకు కంటే స్క్రూ మేలు. ఇంతవరకు పనివారి మాట నెగ్గింది.

అయితే తాతయ్యగారి అనుమానంలో కూడా నిజమున్నది. సుత్తి పట్టిన చేతికి ఎప్పుడు ఆపాలో తెలుసు. టకటక మిషనుకు తెలియదు. గుర్రం నొక్కినంతసేపు అది కొడుతూనే ఉంటుంది. ఒక్క క్షణం ఎక్కువైతే స్క్రూ తల కింది రబ్బరు వాషరు నలిగి పక్కలకు పిండుకుపోతుంది, రేకు సొట్టపోతుంది, ఒక్కొక్కసారి మర కోసిన దారే చెడిపోయి స్క్రూ ఊరికే తిరుగుతుంది. పైకి చూస్తే బిగిసినట్టే ఉంటుంది. లోపల పట్టు లేదు! నలిగిన వాషరు సందున నీరు దిగుతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే మన ప్రాంతంలో అక్కడే తుప్పు మొదలవుతుంది.

మంచి బిగింపుకు గుర్తు ఇది: రబ్బరు వాషరు నొక్కుకుని దాని మీది లోహపు మూత అంచు దాకా కనిపించాలి. వాషరు వేలితో తిప్పితే తిరగరాదు. మూత దాటి బయటికి పొంగరాదు. స్క్రూ నిటారుగా ఉండాలి, వాలిపోరాదు. చేయి తిరిగిన పనివాడు టకటక మొదలుకాగానే గుర్రం మీది వేలు సడలిస్తాడు. కనుక పనిముట్టు మారినా నేర్పు అక్కర పోలేదు. అది మణికట్టులోంచి చూపుడువేలిలోకి వచ్చింది, అంతే.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. ఎంత మంచి స్క్రూ అయినా ఆపేది గాలిని మాత్రమే, ఉప్పెనను కాదు. 1977లో దివిసీమను ముంచినది అయిదు మీటర్లకు పైబడి లేచిన నీరు. తుపాను హెచ్చరిక వచ్చి, ఊరు ఖాళీ చేయమన్నప్పుడు, మా కప్పు గట్టిదని ఎవరూ ఇంట్లో ఉండిపోరాదు. వెంటనే తుపాను షెల్టరుకు వెళ్ళాలి. కప్పు మళ్ళీ వేసుకోవచ్చు.

పెద్దలకు రెండు మాటలు

ఈ మిషను బొమ్మలా కనబడుతుంది, బొమ్మ కాదు. వాడేవారు కళ్ళకు అద్దాలు పెట్టుకోవాలి, చెవులకు మూతలు పెట్టుకోవాలి. పిల్లలు దానికి దూరంగా ఉండాలి. జడలు, చున్నీ కొనలు తిరిగే ముక్కుకు చుట్టుకుంటాయి. రేకుల పని జరుగుతున్నప్పుడు కింద ఎవరూ నిలబడరాదు. బ్యాటరీని ఎండలో వదలరాదు. మేకులు, తాళంచెవులు ఉన్న సంచిలో వేయరాదు. లోహం రెండు కొసలనూ కలిపితే నిప్పంటుకోవచ్చు.

మరొక సంగతి. బందరులో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించిన పెద్దలు పుస్తకపు చదువుతోపాటు చేతిపని కూడా నేర్పాలనుకున్నారు. 1926లో ఆ ఊళ్ళోనే ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ మొదలై శాస్త్ర పరికరాలు తయారుచేసింది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. చేతిపనిని చదువుకు తక్కువగా చూడని ఊరు అది. మీ ఇంటికి పని చేయడానికి వచ్చినవారిని మీ పిల్లలు ప్రశ్నలు అడిగితే, విసుక్కోకుండా అడగనివ్వండి. వారు చెప్పే పాఠం ఏ తరగతిలోనూ దొరకదు.

మీరే చేసి చూడండి

ఒక దిక్సూచిని బల్ల మీద పెట్టండి. చిన్న అయస్కాంతాన్ని దాని పక్కన జానెడు దూరంలో ఉంచి మెల్లగా దగ్గరకు తెండి. సూది దానివైపు తిరగగానే అయస్కాంతాన్ని దిక్సూచి చుట్టూ గుండ్రంగా తిప్పండి. సూది వెంబడిస్తూ తిరుగుతుంది. తాకకుండా, రాపిడి లేకుండా తిరిగింది గదా! బ్రష్షులు లేని మోటారు సూత్రం ఇదే. మీ చేయి చేసిన పనినే అక్కడ ట్రాన్సిస్టర్లు చేస్తాయి. మరీ తొందరగా తిప్పితే సూది తడబడి ఆగిపోతుంది. ఎందుకో ఆలోచించండి.

చివరగా ఒక లెక్క. గాలి వేగం సెకనుకు 50 మీటర్ల నుంచి 25 మీటర్లకు తగ్గితే, అదే రేకు మీద లాగుడు సగం అవుతుందా, ఇంకా తక్కువవుతుందా? 15 స్క్రూలలో మూడు ఊడి ఉంటే మిగిలిన వాటిలో ఒక్కొక్కదాని వాటా ఎంత? జవాబులు చేసి పంపండి. సరిచూసి వచ్చే నెల చెబుతాను.